రెండు గొడుగుల కోటు

ఆసుపత్రి దుప్పట్ల గదిలో చిరుగులు కుట్టే ఆవిడను అందరూ సూదమ్మ అనేవారు. ఇన్నాళ్ళూ ఇంట్లో తోడున్న అక్క కాస్తా పోయాక ఆమెకు మాట్లాడే దిక్కు లేకుండా పోయింది. మిగతా రోజుల్లో కుట్టు మిషను చప్పుడైనా ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే గోడలతో కాపురమే.

అలాంటప్పుడు మందుల కౌంటరు పెద్దాయన, ఆదివారాలు పదిమందిమి కలిసి కొండెక్కుతాం, మీరూ రండి అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రెండు వారాలు వెళ్ళింది. దారంతా కబుర్లు, పైకి చేరాక ఫ్లాస్కులో టీ. ఇంతలో వానలు పట్టుకున్నాయి. వాన కోటు లేనివాళ్ళు రావద్దన్నారు. వాళ్ళందరి కోట్ల మీదా ఒకటే పిట్ట బొమ్మ.

షాపులో ఆ పిట్ట కోటు ధర చూసేసరికి సూదమ్మకు కళ్ళు బైర్లు కమ్మాయి. రెండు నెలల జీతం! లోపలికి తిప్పి చూసింది. చేతికి గొడుగు బట్టలాగే తగిలింది. ఇంత ఎందుకని అడిగితే సేల్స్‌మన్ గాలీ, కొండా అంటూ పెద్ద దండకం చదివి, చివరికి "బ్రాండండీ" అని తేల్చాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నిలువుదోపిడీ కాకపోతే ఏమిటిది? పోనీ ప్లాస్టిక్‌ది కొందామా అంటే, అంతమంది మధ్య సంచీ తొడుక్కున్నట్టు వెళ్ళడానికి మనసొప్పలేదు.

ఇంటి తలుపు పక్కన మేకుకు రెండు పెద్ద నల్ల గొడుగులు వేలాడుతున్నాయి. ఒకటి తనది. పిడికి ఎర్ర దారం చుట్టి ఉన్నది అక్కది. కోటు తనే కుట్టుకుందామని ముందు తనది విప్పింది. బట్ట చాలలేదు. చాలాసేపు తటపటాయించి, రెండోదానికీ కత్తెర పెట్టింది. ముక్క ముక్కకీ, ఆసుపత్రి అలవాటు కొద్దీ, రెండేసి కుట్లు వేసింది. దుప్పటికైతే అదే బలం మరి.

అది తొడుక్కుని వెళ్ళిన ఆదివారం, కొండ మీద వాన అందుకుంది. సూది దిగిన ప్రతి బెజ్జం నుంచీ నీళ్ళు లోపలికొచ్చాయి. రెండేసి కుట్లు వేసింది కదా, బెజ్జాలూ రెండింతలు! లోపల రవిక తడిసి ముద్దయింది. అందరూ ఒక బండ చాటుకు చేరారు. సూదమ్మ వణుకు కనబడకుండా పక్కకు జరిగింది. అక్కడ పెద్దాయన ఒక్కడే నిలబడి, కోటు విప్పి చొక్కా చెయ్యి పిండుకుంటున్నాడు.

ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నాళ్ళకు ఒక తోడు దొరికిందనుకుంది.

"మీదీ కారుతోందా అండీ? నాదీ అంతే" అంది నవ్వుతూ.

ఆయన మొహం మాడిపోయింది. "కారడమేమిటమ్మా, చెమట. ఇది ఎంత పెట్టి కొన్నానో తెలుసా?" అని కోటు మళ్ళీ తొడుక్కుని, జిప్పు గొంతుదాకా లాక్కుని గుంపులోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఆసుపత్రిలో ఎదురుపడినా చూపు తిప్పేసుకున్నాడు. వచ్చే ఆదివారం ఎక్కడ కలుస్తున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారమూ వానే. పాలకని బయల్దేరి, అలవాటుగా మేకు మీదికి చెయ్యి చాచింది. చేతికి ఉత్త గొడుగు ఊచలు తగిలాయి. షాపువాణ్ణి అన్ని తిట్లు తిట్టుకుంది గానీ, వాడు అడిగినదానికంటే ఎక్కువే తను ఇచ్చేసిందని అప్పుడు తెలిసొచ్చింది. ఎర్ర దారం పిడిని పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, బాగా తడిసిపోయానే" అంది.