నిశ్శబ్దంగా పనిచేయవలెను

ముసలి మేస్త్రీ తివాచీ వెనుకవైపు చేత్తో తడుముతూ వచ్చి, ఒకచోట వేలు ఆపి, "ఇక్కడ తప్పిందండీ" అన్నాడు. నేత అప్పటికే ఆ చోటు దాటి మూరెడు పైకి వెళ్లిపోయింది. ఆయన కళ్లకు పొరలు కమ్మి ఏడాది దాటింది. ఆ తప్పుకు కారణమైన కాగితం రాసింది నేనే.

అవి పందొమ్మిదివందల ముప్పైల తొలి రోజులు. పత్రికలో చేరకముందు ఏలూరులో ఒక తివాచీల కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ని. ఇళ్లలో నేసుకునే ముస్లిం కుటుంబాలను ఒక షెడ్డు కిందికి తెచ్చి పెట్టిన కంపెనీ అది.

చేరిననాడు చూసినది ఇప్పటికీ మరపు రాలేదు. పెద్ద మగ్గం ముందు ఎనిమిది మంది వరసగా కూర్చున్నారు. ఎదురుగా నమూనా కాగితం లేదు. వెనుక స్టూలు మీద మేస్త్రీ రాగం తీస్తూ రంగులూ ముడులూ చెబుతున్నాడు: రెండు ఎరుపు, ఒకటి నీలం, మూడు తెలుపు. ఎవరి వంతుకు వారు ముడి వేసి "అయింది" అని పలుకుతున్నారు. ఆ ఒక్క గొంతు వెంట పదహారు చేతులు కదిలి, సాయంత్రానికి తివాచీ మీద ఒక కొల్లేటి కొంగకు కాలు మొలిచింది. నేను నోరు తెరుచుకు నిలబడితే, "ఈగలు దూరతాయండీ, బాబుగారూ" అని ఒక నేతగాడు నవ్వాడు.

ఆ నమూనా మేస్త్రీ తన తండ్రి దగ్గర విని నేర్చుకున్నది. కాగితం మీద ఎక్కడా లేదు. "నాన్నగారు ఒక్కసారే నేయించారండీ. నా గొంతు ఉండగానే నేనూ ఒకటి పూర్తిచేయాలి" అనేవాడు.

మేనేజరుగారు మద్రాసు నుంచి వచ్చారు. చక్కని ఇంగ్లీషు, ముత్యాల్లాంటి అక్షరాలు; మగ్గం సంగతి మాత్రం తెలియదు. షెడ్డు పక్కగదే ఆయన ఆఫీసు. పనివేళ పాటలేమిటని విసుక్కుని, పాటలూ కేకలూ కూడవు, నిశ్శబ్దంగా పనిచేయవలెను అని నాచేత రాయించి గోడకు అంటించారు. అది పాట కాదని నాకు తెలుసు. చేరి మూడు నెలలే అయిందని నోరు విప్పలేదు. మేస్త్రీ వెళ్లి చెప్పుకుంటే, చెవిలో చెప్పుకోమన్నారు.

వారం రోజులు ఆయన తడుముకుంటూ ఒక్కొక్కరి వెనక్కూ వెళ్లి చెవిలో చెప్పాడు. పక్కవాడి "అయింది" వినబడక, ఒకతను ఒక వరస ముందుకు పోయాడు.

ఆ మూరెడూ విప్పి మళ్లీ నేస్తామని మేస్త్రీ బతిమాలాడు. సీమకు సరుకు వెళ్లే ఓడకు వేళ మించిపోతుందనీ, తప్పు తనకైతే కనబడటం లేదనీ మేనేజరుగారు అన్నారు.

మేస్త్రీ తివాచీ మీది నుంచి చేయి తీసేశాడు. "నాకూ కనబడదండీ" అని, చేతికర్ర వెతుక్కుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన వెనుకే ఎనిమిది మందీ లేచారు.

కంపెనీ ఆ వేసవి దాటలేదు. తర్వాత పత్రిక పని మీద ఏలూరు వెళ్లినప్పుడు, నమూనా రాసుకుందామని నోటుపుస్తకంతో ఆయన ఇంటికి వెళ్లాను. కాదనలేదు. నాలుగు వరసలు చెప్పి ఆగిపోయాడు. అవతలి నుంచి "అయింది" వినబడకపోతే తర్వాతి వరస రాదన్నాడు. నేను పలికి చూశాను. నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

ఆయన పోయాక ఆ ఎనిమిది మందిలో ఐదుగురిని కలిశాను. ఎవరికి వారికి తమ ముందున్న జానెడే గుర్తుంది. కొంగకు పైన ఇంకో పక్షి వస్తుందని మేస్త్రీ చెప్పేవాడని మాత్రం ఐదుగురూ అన్నారు. అది ఏ పక్షో ఇంతవరకు తేలలేదు.