అంబాసిడర్‌కు గాలి తిత్తులు

2003లో కాటన్‌పేటలో నాకొక చిన్న గ్యారేజ్ ఉండేది. ఎక్కువగా గూడ్స్ వ్యాన్ల పనే. వాటి వెనక ఎయిర్ సస్పెన్షన్ బిగించడంలో అప్పుడప్పుడే చేయి తిరుగుతోంది. ఇనుప స్ప్రింగులు మోసే బరువులో కొంత గాలి నింపిన రబ్బరు తిత్తులు మోస్తాయి, కుదుపు తగ్గుతుంది. పాత కారుకు ఆ పని చేసింది మాత్రం ఒక్కసారే. అదీ గ్యారేజ్‌లో కాదు, సుబ్బయ్య శెట్టిగారి ఇంటి వాకిట్లో.

శెట్టిగారిది నూలు వ్యాపారం. భారీ మనిషి, గొంతు కూడా అంతే. భార్య రత్నమ్మగారికి వెన్నెముక ఆపరేషన్ అయి ఏడాది గడిచింది. ప్రయాణం చేయొచ్చని డాక్టరు చెప్పినా, వాళ్ల పాత అంబాసిడర్‌లో వీధి మలుపు దాటేలోపే ఆమె పెదవి కొరుక్కునేవారు. అవతల, కారులో గంటకు పైగా పట్టే ఆనేకల్‌లో ఆమె అక్క మంచం పట్టారు. ఫోనులో అక్క గొంతు వింటూ ఈమె ఇక్కడ కళ్లు తుడుచుకునేవారు.

"కొత్త కారు కొనొచ్చు కదన్నా?" అన్నాను.

"చూసినామప్పా. అన్నీ కిందికి ఉండాయి. వంగి కూర్చోలేదు, లేవలేదు. దీంట్లో అయితే కుర్చీలో కూర్చున్నట్ల కూర్చుంటాది. పని మాత్రం మా ఇంటికాడే చెయ్యల్ల. కండ్లతో చూడకుంటే భయపడి ఎక్కదు."

కారు వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. లీఫ్ స్ప్రింగ్, అంటే ఇనుప పట్టీలు పేర్చిన కమాను కట్టలోంచి కొన్ని పట్టీలు తీసేశాను. ఇరుసుకూ పైనున్న ఛాసిస్ చట్రానికీ మధ్య తిత్తులు బిగించి, డిక్కీలో గాలి కొట్టే చిన్న కంప్రెసర్ పెట్టి, సన్నని పైపులు కలిపాను. అతుకుల మీద సబ్బు నీళ్లు పూసి, బుడగలు రావడం లేదని చూసుకున్నాను. రత్నమ్మగారు వరండాలో కూర్చొని అన్నీ అడిగారు.

"ఆ తిత్తి పగిలితే?"

"మిగతా పట్టీలు ఉన్నాయి కదమ్మా. మెల్లగా ఇల్లు చేరొచ్చు."

గాలి ఎంత పెట్టాలో తేలాలంటే మనిషిని కూర్చోబెట్టి నడిపి చూడాలి. రత్నమ్మగారు లేవబోతే శెట్టిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వొద్దు. ముందు నేను కూర్చుంటా. దెబ్బ తగిలితే నాకు తగలనీ."

ఆయన్ను వెనక కూర్చోబెట్టుకొని పేటంతా తిప్పాను. రోడ్డు మీద హంపు వచ్చినప్పుడల్లా "ఇంగా స్వల్ప పెట్టు" అన్నారు. గాలి ఇంకొంచెం పెట్టాను. తిరిగొచ్చాక గేటు దగ్గర నుంచే కేక వేశారు. "పరుపు మాదిరి ఉండాది రత్నా!"

మరుసటి ఉదయం శెట్టిగారు ముందు నా పక్కన కూర్చుంటే, ఆమెను వెనక ఎక్కించుకున్నాం. మొదటి హంపు దగ్గరే సీటు గట్టిగా పట్టుకొని "ఆపప్పా" అన్నారు. కళ్లలో నీళ్లు. శెట్టిగారి ముఖం పాలిపోయింది. "నిన్న నాకేం తెలీలేదే!" అంటూ నా వైపు చూశారు. బండి పక్కకు ఆపాను.

అంత నొప్పిలోనూ రత్నమ్మగారికి నవ్వొచ్చింది. "మీరెంత ఉండారు, నేనెంత ఉండాను? మీకు సరిపోయిన గాలి నాకెట్ల సరిపోతాది?"

నిజమే. ఆయన బరువుకు నింపిన గాలి ఆమె కింద రాయిలా బిగుసుకుంది. ఆమెను సీట్లోనే ఉండమని, కొంచెం కొంచెంగా గాలి వదిలాను. ఆమె కళ్లు మూసుకొని "ఇంగా... ఇంగా స్వల్ప... చాలు" అన్నారు. మళ్లీ అదే హంపు మీదికి పోనిచ్చాను.

"హంపు ఇంగా రాలేదా?" అని అడిగారు ఆమె. అప్పటికే దాటేశాం.

ఆ ఆదివారం శెట్టిగారే నడుపుకుంటూ ఆమెను ఆనేకల్ తీసుకెళ్లారు. దారిలో హెబ్బగోడి దగ్గర రోడ్డు తవ్వేసి ఉందని నాకు తెలుసు. ఆ పూట ఏ పని మీదా మనసు నిలవలేదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. శెట్టిగారి గొంతు గుసగుసగా ఉంది.

"ఏమైందన్నా?"

"ఏం కాలేదప్పా. హెబ్బగోడి దాటినాం. వెనక చప్పుడే లేదని తిరిగి చూస్తే నిద్దరపోయుండాది. ఆపరేషన్ అయినప్పట్నుంచి కూర్చొని నిద్దరపోయిందే లేదు. బండి పక్కకి పెట్టినా. లేపల్లా, వద్దా?"

"లేపొద్దన్నా. అట్లే పోనియ్యండి."

ఆ తర్వాత ఎవరి బండికి ఈ పని చేసినా, అందులో ఎక్కేదెవరని ముందే అడుగుతాను. వాళ్లనే కూర్చోబెట్టి, వాళ్లు చాలన్నాకే గాలి ఆపుతాను. వాళ్ల బదులు నేను కూర్చుంటానని ప్రేమ కొద్దీ ముందుకొచ్చేవాళ్లకు మాత్రం ముందు సీటు చూపిస్తాను.