పెద్దమ్మ చెప్పిన ఇనప బండ్ల కథ

మా పెద్దమ్మ పోయిందని మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక దెందులూరులో నాకు కబురందింది. పడవ పట్టుకుని కొల్లేటి లంకకు చేరేసరికి పెట్టె మూసేశారు. ఆమె మెత్తని మనిషని పాస్టరుగారు ప్రసంగంలో అన్నారు. కాదండీ. పగతో బతికిన మనిషి. నాకు ఆమె అలాగే ఇష్టం.

మా పెదనాన్నని పటాలంలోకి పంపింది ఊరి మునసబు. "ఇనప గదిలో కూర్చుని తిరగడమేరా, గుండు తగలదు" అని చెప్పి వేలిముద్ర వేయించాడు. వాయవ్య సరిహద్దులో తెల్లవాళ్ళ ఇనప మోటారు దళానికి క్లీనరుగా వెళ్ళిన పెదనాన్న, బండి లోపల ఇంజను తుడుస్తుండగా పెట్రోలు అంటుకుని కాలిపోయాడు. తలుపు తెరుచుకోలేదట. గుండు మాత్రం తగల్లేదు, నిజమే.

ఆ తర్వాత పెద్దమ్మ ఇంటి తలుపుకి లోపల గడియ ఉండనివ్వలేదు. సెలవు మీద ఏలూరులో దిగిన సిపాయి ఎవరు కనబడినా ఇంటికి తీసుకొచ్చి, చేపల పులుసుతో అన్నం పెట్టి ఆ బండ్ల సంగతులు అడిగేది. అవన్నీ మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి చెప్పేది. ఐరోపా యుద్ధంలో కందకాలూ ముళ్ళతీగలూ దాటలేక జనం చస్తుంటే ట్యాంకుని పుట్టించారనీ, శత్రువు నీళ్ళ తొట్టి అనుకునేలా ఆ పేరు పెట్టారనీ, మొదట్లో చాలావరకు బురదలోనే దిగబడిపోయాయనీ, లోపలివాళ్ళు పొగకీ వేడికీ సొమ్మసిల్లేవారనీ. మన సరిహద్దులో దారులు కాయడానికి ముందు చక్రాల బండ్లు, తర్వాత చిన్న ట్యాంకులు వచ్చాయి. ఇప్పుడు గుర్రపు పటాలాలకి కూడా గుర్రాలు తీసేసి అవే ఇస్తున్నారు.

మునసబు పటాలానికి కుర్రాళ్ళని పోగుచేసినప్పుడల్లా పెద్దమ్మ వెళ్ళి పక్కన నిలబడేది. ఆయన ముగించాక, "ఇప్పుడు నేను చెప్పేది కూడా వినండి బాబూ" అని నెమ్మదిగా మొదలుపెట్టేది. మా లంక నుంచి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. మా తమ్ముడు ఇవాళ వల విసురుతున్నాడంటే అది ఆమె పుణ్యమే.

నిరుడు మునసబు కొడుకే ఆ దళంలో చేరతానని మొండికేశాడు. మునసబే మా పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"మీరు చెబితే వింటాడమ్మా."

"నేను చెప్పనండీ. మీరే చెప్పండి, చర్చి ముందు, అందరూ వినేలా. మా ఆయనకి అబద్ధం చెప్పానని మొదలుపెట్టండి."

"నా పరువేం కావాలమ్మా?"

"పరువు కావాలో అబ్బాయి కావాలో మీరే చూసుకోండి."

చెప్పాడు. తడబడి ఆగిపోతే ఆమె వదల్లేదు. "లోపల ఎలా ఉంటుందో అది కూడా చెప్పండి" అంది. కొడుకు పటాలానికి వెళ్ళకుండా ఉండిపోయాడు, కానీ ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడడం మానేశాడు.

"జాలెయ్యలేదా పెద్దమ్మా?" అని అడిగాను.

"మాట్లాడకపోయినా ఆయన కొడుకు రోజూ కళ్ళెదుట తిరుగుతాడే. నా కళ్ళెదుట ఎవరు తిరుగుతారు?" అంది.

పోయేముందు ఆమె ఒక్కటే కోరిందట, మునసబు చేతి మట్టి తన మీద పడకూడదని. అవతలి గట్టున ఉన్న సమాధుల తోటకి ఆయన కూడా వచ్చాడు. గేటు నేనే మూశాను.

"మీరు అక్కడే ఉండండి."

అంతా అయ్యాక మేము పడవలెక్కాం. వెనక్కి చూస్తే కంచె బయట అలాగే నిలబడి ఉన్నాడు. గుప్పిట్లో తడిమట్టి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.