తడి పావడాలు

గానుగలాడి బెల్లం వండే రోజుల్లో నాకు తెల్లబట్ట మొదలైంది. పెళ్లై ఎనిమిది నెలలు. పెరుగు విరిగినట్టు తెల్లగా అయ్యేది. దురద సంగతైతే, అత్త ఎదుట రెండు చేతులా పప్పుగుత్తి పట్టుకుంటే తప్ప నా చేతులు నా మాట వినేవి కావు.

చెడ్డరోగమని నాకు నేనే తేల్చేసుకున్నాను. వైద్యం చదవకపోవడం వల్ల నాకు అనుమానాలు ఉండేవి కావు. కశింకోటలో ఎవరినో ఇలాంటి రోగముందని పుట్టింటికి పంపేసి మళ్లీ పిలవలేదట. నా పుట్టిల్లు నక్కపల్లి. నన్ను బండెక్కించడం రోజుకు నాలుగుసార్లు కళ్లకు కట్టేది. ఒక్కోసారి ఎద్దులు కూడా జాలిగా చూసేవి.

మా వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో చాకలామె బట్టలమూట విప్పి చదివేసేది. అందుకని నా లోపావడాలు ఆమెకు వేయడం మానేశాను. దడి చాటున నేనే ఉతికి, చీర కింద దాచి ఆరేసి, సగం తడితోనే కట్టుకునేదాన్ని. దురద రెట్టింపైంది. రోగం ముదిరిందనుకుని ఇంకా ఎక్కువ ఉతికాను.

చివరికి పన్నునొప్పని అబద్ధమాడి ఆసుపత్రికి బయల్దేరితే అత్త కూడా వెంటవచ్చింది. ఆడడాక్టరు నన్ను బల్లమీద పడుకోబెట్టి చూస్తోంది. బయటినుంచి అత్త గొంతు:

"పన్ను సూడ్డానికి తలుపెందుకేసీసేరమ్మా?"

నేను చీర కిందికి లాక్కోబోయాను. డాక్టరమ్మ మాత్రం నింపాదిగా, "సుఖవ్యాధి కాదమ్మా. బూజులాంటిది, చెమ్మలో పెరుగుతుంది. తడిబట్ట కడుతున్నావా?" అని, లోపల ఊదారంగు మందు పూసింది. వారంపాటు రోజు విడిచి రోజు రమ్మంది. పావడాలు ఎండలో ఫెళఫెళలాడేలా ఆరాలంది. నేను వద్దనేలోపే తలుపు తీసి అత్తకి అంతా చెప్పేసింది.

ఇంటికొచ్చేదాకా అత్త నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను.

నాలుగు పూతలకి దురద పోయింది, తెల్లబట్ట ఆగింది. పావడాలకి మాత్రం ఊదా మరకలు. ఆ మరకలకి భయపడి మళ్లీ చీర కింద దాచి ఆరేసిన పావడాని ఒక ఉదయం అత్త సర్రున లాగింది. తీసుకెళ్లి వాకిట్లో దండెం మీద, చాకలామె చూస్తుండగానే పరిచింది. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను.

"అవేటి మరకలమ్మా?"

"మా కోడలికి బూజట్టింది. మందేసేరు. నీకేటి?"

చాకలామె రెండడుగులు వెనక్కేసింది. "అంటుకుంటాదేటమ్మా?"

"నీ నోరంత బేగి అంటుకోదులే. మూటెత్తు."