మా వాకిట్లో సువార్తమ్మ అత్త ముగ్గు

నిన్న పొద్దున సువార్తమ్మ అత్త కూతురు ఫోన్ చేసి, "అక్కా, మమ్మీ లేదు" అంది.

"లేదంటే? చర్చికి పోయిందా?" అన్నాను. నిజంగానే అలా అడిగాను.

హార్ట్ ఎటాక్ అట. మిషన్ మీద సగం కుట్టిన బ్లౌజ్ అలాగే ఉందట.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

ఖిలా వరంగల్ పోయే రోడ్డులో మా గల్లీ అందరికీ ఆమె టైలర్. మాకు మాత్రం ఎదురింటి అత్త. నాన్నను "అన్నా" అని పిలిచేది.

ఆమెకు చెప్పకుండా ఒక మాట దాచాను. ఇక చెప్పినా ఆమెకు వినపడదు. మీకైనా చెప్పాలి.

కరోనా సెకండ్ వేవ్‌లో అమ్మానాన్న ఇద్దరికీ పాజిటివ్. అమ్మతో నేను దవాఖానాలో. నాన్న ఇంట్లో, ముందు గదిలో ఒక్కడే.

గల్లీలో అందరూ తలుపులు వేసుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, ఆ భయం అలాంటిది. అత్త మాత్రం రెండు పూటలా టిఫిన్ బాక్స్ తెచ్చి గేటు లోపల పెట్టేది. నాన్న కిటికీ దగ్గరికి వచ్చి "తిన్న" అనేదాకా కదిలేది కాదు.

నాలుగో రోజు సాయంత్రం అమ్మ పోయింది.

నాన్నకు అసలే గుండె వీక్. "ఇప్పుడే చెప్పకు అత్తమ్మా, తట్టుకోలేడు" అని ఫోన్‌లో ఏడ్చాను. ఆ అబద్ధం ఆమె నెత్తిన పెట్టింది నేనే.

మరునాడు అత్త ఫోన్. "చావైన ఇంటి ముందట ముగ్గుండదు గద బిడ్డా. అన్న కిటికీలకెళ్లి చూస్తే అనుమానపడ్తడు. అందుకే నేనే ఏసిన."

వాళ్లది క్రిస్టియన్ ఇల్లు, జన్మలో ముగ్గు వేసింది లేదు. లాక్‌డౌన్‌లో ముగ్గుపిండి దొరక్క టైలరింగ్ చాక్‌తో గీసిందట. ఫోటో పంపింది. అచ్చం బ్లౌజ్ కటింగ్ గీతలు! అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

నాకూ పాజిటివ్ వచ్చి ఫ్రెండ్ రూమ్‌లోనే ఉండిపోయాను. అత్త రోజూ ముగ్గు గీసి, "వదినె జర మంచిగైందట, ఇయ్యాల ఇడ్లీ తిన్నదట" అని నాన్నకు చెప్పేది. నాన్న తలూపి అన్నం తినేవాడు.

నెగెటివ్ రాగానే ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఏడ్చాడు. గేటు బయట అత్త చేతులు జోడించి నిలబడింది.

"అబద్ధం జెప్పి అన్నం పెట్టిన అన్నా. మాఫ్ చెయ్యి."

ఆమె వెళ్లాక నాన్న అన్నాడు:

"మీ అమ్మ దవాఖానల ఉన్న నాలుగొద్దులు మన వాకిట్ల ముగ్గే లేదు బిడ్డా. ఏసేటోళ్లు ఎవరున్నరు? అయిదో రోజు లేచి చూస్తే బ్లౌజ్ గీతల ముగ్గున్నది. ఆమె ఇంట్లనే ఎయ్యదు, మనింటి ముందట ఎందుకేసింది? మీ అమ్మ పోయిన సంగతి దాస్తాందని అప్పుడే సమజైంది."

అవును. ముందు నాలుగు రోజుల సంగతి అత్తకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"మరి ఎట్ల తిన్నవ్ నాయినా?"

"తినకపోతే ఆమె పరేషానైతది. నాకు తెలుసని ఆమెకు జెప్పకు. తెలిసే తిన్నడంటే తట్టుకోదు."

చెప్పలేదు.

ప్రతి క్రిస్మస్‌కు కేక్ తెచ్చి నన్ను పక్కకు పిలిచేది. "అన్న నన్ను మనసుల తిట్టుకుంటాండా బిడ్డా? పెండ్లాం పోయినంక ఆయనతోటి నవ్వుకుంట మాట్లాడిన. ఆ పాపం పోతలేదు."

"ఏం లేదత్తమ్మా, ఫికర్ చెయ్యకు" అనేదాన్ని. ఆ జవాబు ఆమెకు చాలలేదని తెలుస్తూనే ఉండేది.

పోయినేడు నాన్న పోయాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఈ పండక్కి చెబుదాంలే అనుకున్నాను.

నిన్నటి నుంచి కళ్లు మూస్తే ఆ కిటికీయే. లోపల నాన్న, బయట అత్త. ఒకరి కోసం ఒకరు ఏమీ తెలియనట్టు మాట్లాడుకుంటున్నారు. నేను గేటు దగ్గర నిలబడి నోరు విప్పట్లేదు.

అత్తమ్మా, నాన్నకు తెలుసు. మొదటి ముగ్గుకే తెలుసు. నువ్వు ఆయన్ని మోసం చేయలేదు.

ఈ పొద్దున వాకిలి ఊడ్చి అలాగే వదిలేశాను. మా ఇంటి మనిషి పోయింది. పదకొండు రోజులు మా ఇంటి ముందు ముగ్గుండదు.

పోయి రా అత్తమ్మా. నీ ప్రభువు దగ్గర ఇకనైనా నిమ్మళంగా ఉండు.