మిక్సర్ మీద చెయ్యి, నా కాలి మీద కన్ను

పామర్రు చర్చిలో ఈ ఉదయం ఆరాధనకు గిటార్ వాయించాను. పెడల్ తొక్కేకొద్దీ ఆంప్లిఫయర్‌లో గెయిన్, అంటే స్వరానికి గరుకునిచ్చే మోతాదు, పెరిగి గిటార్ గరగరమనాలి, సౌండ్ మాత్రం అంతే ఉండాలి. అది కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది. తీరా ఇవాళ తొక్కిన ప్రతిసారీ గిటార్ వినిపించకుండా పోయింది. ఆరాధన అయ్యాక, సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చుని అందరి సౌండూ పెంచి తగ్గించే ప్రసాద్‌గారిని అడిగాను.

"నేను తొక్కినప్పుడు గిటారే వినపడలేదు, సౌండేమన్నా పెరిగిందా అండీ?"

"పెరగనిస్తానా? మీ కాలు కదిలినప్పుడల్లా ముందే తగ్గించేశానండీ."

బయటికి వస్తుంటే పాస్టర్‌గారు భుజం తట్టి, ఈ వారం గిటార్ ఎక్కడా పాటకు అడ్డు రాలేదని మెచ్చుకున్నారు. మూడు నెలల సాధనకు దక్కింది అదొక్కటే. మీకూ ఇలాంటి మెప్పు దక్కి ఉంటే చెప్పండి, కలిసి ఏడుద్దాం.