ఊది పెట్టిన క్యాసెట్లు

ఆ రోజు అబిడ్స్‌లోని నా దుకాణంలో, నలుగురి ముందు, ఒక ఆడమనిషిని తిట్టాను. తప్పు నాది. తిడుతున్నంతసేపూ ఆ సంగతి నాకు తెలియలేదు. తెలియకపోవడం వల్ల తప్పేమీ తగ్గదు.

తొంభైల్లో వీడియో గేమ్ క్యాసెట్లు అమ్మి బతికాను. పాతది ఇచ్చి, పైన కొంచెం డబ్బు కలిపి, ఇంకోటి తీసుకెళ్లే పద్ధతి మాది. రెండు వేల సంవత్సరం దాటాక అందరూ కంప్యూటర్ల వైపు వెళ్లిపోయారు. బయట ఫుట్‌పాత్ మీద సీడీలు పల్లీల్లా అమ్ముడుపోతుంటే, నా బీరువాలో క్యాసెట్లు దుమ్ము కొట్టుకుపోయేవి. కొనేవాళ్లను చూసినా ఒళ్లు మండేది, కొనకుండా వెళ్లేవాళ్లను చూసినా మండేది.

ఆ పొద్దున బావమరిది వచ్చి, మొబైల్ రీచార్జ్ పెట్టుకోమని మళ్లీ మొదలుపెట్టాడు. "ఇంకా గీ డబ్బాలేంది బావా? మ్యూజియం పెట్టినవా? టికెట్ ఎంత?" అన్నాడు. పక్క కొట్టువాళ్లు నవ్వారు. అతను చెప్పేది నిజం కావడమే నాకు ఎక్కువ మంట.

అప్పుడే ఆమె వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక ఉండే టీచరు, పాత గిరాకీ. ఇటుకలు పేర్చే ఆట క్యాసెట్ కౌంటర్ మీద పెట్టి, నడవట్లేదంది. వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు కదపమని దవాఖానలో చెప్పినా వినని మనిషి, ఈ ఆట పెడితే మాత్రం పొద్దంతా బటన్లు నొక్కుతాడు. అలా నొక్కీ నొక్కీ బొటనవేలు మళ్లీ కదలడం మొదలైంది. క్యాసెట్ ఆగినప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. కొత్త ఆటల వేగం ఆయన చేతికి అందదు.

అంతా విన్నాను. క్యాసెట్ తిప్పి చూస్తే లోపలి పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. ఈ మధ్య ఎవరు తెచ్చినా ఇదే వరస. దాంతో రెచ్చిపోయాను. వస్తువు వాడటం రాదన్నాను. నోట్లో తడంతా లోపల ఊస్తే చెడిపోక ఏమవుతుందని అరిచాను. మీలాంటివాళ్ల వల్లే నా వ్యాపారం మునిగిందన్నాను. చివరికి, మీ నాన్నకు గిలక్కాయ కొనివ్వమన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "ఊదుమని మీరే చెప్పిన్రు గదా భయ్యా. నడవకుంటే తీసి, జర ఉఫ్ అని ఊది పెట్టుమన్నరు. మా నాయిన రోజూ గట్లనే ఊదుతుండె."

క్యాసెట్ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. బావమరిది నా వైపు చూడలేదు.

ఏళ్ల తరబడి నా కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పాను. ఊదితే నడిచేది మరి. నిజానికి తీసి మళ్లీ గట్టిగా పెట్టడం వల్ల నడిచేది. ఊపిరిలోని తడి లోపలే ఉండి పిన్నుల్ని తినేసేది. కంప్యూటర్లు నా వ్యాపారాన్ని చంపాయని ఊరంతా తిరిగి తిట్టాను. ఉన్న సరుకును నా నోరే చంపింది. ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను, గిరాకీలను తిట్టినంత గట్టిగానే.

ఆమె క్యాసెట్ ఇక నడవదు. బీరువా అంతా వెతికి అదే ఆట ఇంకోటి పట్టుకున్నాను. పిన్నుల్ని రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, దుకాణం టీవీలో ఆడి చూసి, సాయంత్రం నాంపల్లి వెళ్లాను. నలుగురి ముందు తిట్టాను కాబట్టి, ఇరుగుపొరుగు వింటుండగానే వాళ్ల గుమ్మంలో క్షమించమని అడిగాను. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పెద్దాయన క్యాసెట్‌ను కుడిచేత్తోనే అందుకున్నాడు. అలవాటుగా ఊదడానికి దాన్ని మెల్లగా నోటిదాకా ఎత్తాడు.

"ఊదకు పెద్దాయనా. నేనే తప్పు చెప్పిన" అన్నాను.

మర్నాడు సగం కౌంటర్ రీచార్జ్‌కి ఇచ్చేశాను. పాత ఆటలు అమ్మితే ఇల్లు గడవదు, బావమరిది మాటే నిజం. మిగతా సగం మీద అట్టముక్క ఒకటి పెట్టాను: "క్యాసెట్లు ఊదకండి. ఊదమని చెప్పింది నేనే, అది తప్పు. తెస్తే ఊరికే శుభ్రం చేసిస్తాను." తెచ్చినవాళ్లందరికీ చేసిచ్చాను.